నలభై ఒక్క పందేలు

రోజంతా ఊరివాళ్ళ నెత్తురు తీస్తాను.
బల్లారట్ ఆసుపత్రి, రెండో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ.
"చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని
ఇరవై రెండేళ్ళుగా ఒకే అబద్ధం, వాళ్ళ భాషలో.

నా నెత్తురు సంగతి మాత్రం
డాక్టర్ మొయిరా చెప్పేదాకా తెలీదు.
పైన నూట అరవై ఎనిమిది, కింద నూట రెండు.
క్రికెట్ స్కోరైతే బావుండేది.
మాత్ర రాసింది. నడవమంది.
"ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగి
జవాబు వినకుండానే కంప్యూటర్ వైపు తిరిగింది.

ఊరికే నడవడం మా ఇంటా వంటా లేదు.
కూరలకో, బస్సుకో,
ఎవరితోనో పోట్లాడి అలిగో నడిచిన కాళ్ళివి.
కారణం కావాలి వీటికి.

ఎడమ చెవిలో పచ్చబొట్టు నంబరుతో
పందేలు మానిన కుక్క ఒకటి నా కారెక్కింది.
ఎక్కలేదు, ఎత్తి పెట్టాను.
ముప్పై రెండు కిలోలు, అన్నీ మోచేతులే.
పోపు పడ్డ చారు రంగు, మీద నల్లటి గీతలు.
చారు అన్నాను.
కాగితాల మీద పేరు ఏదో రాకెట్‌ది లాగుంది.
నలభై ఒక్క పందేలు, రెండు గెలుపులు,
ఇంకెందుకులే అన్నారట.

దానికి అద్దం తెలీదు. మెట్లు తెలీవు.
వంటింటి గచ్చు మీద
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారి
నా వైపు చూసింది.
మొదటి మంచు రోజున బస్టాపులో నేనూ ఇలాగే జారాను.
నవ్విన వాళ్ళ మొహాలు ఇంకా గుర్తే.
నేను నవ్వలేదు.

మెట్టుకో కోడి ముక్క.
పద్నాలుగు మెట్లు నేర్వడానికి పదకొండు రోజులు.
దానికి చూపించడానికి
నేనెన్నిసార్లు ఎక్కి దిగానో
ఎవరు లెక్కపెట్టారు?

పందెం కుక్క కదా, లాక్కుపోతుందనుకున్నాను
వెండౌరీ సరస్సు చుట్టూ.
అది ప్రతి చెత్తడబ్బా దగ్గరా ఆగి
ఆదివారం పేపరులా తీరిగ్గా చదువుతుంది.
నల్ల హంసలకు దారిస్తుంది.
పరుగు ఇష్టమేనా అని
దాన్నెవరూ అడిగినట్టు లేరు.

నా పాత శాలువా కోసి దానికి కోటు కుట్టాను.
ఆ కోటు చూసి ఆగింది పడవల షెడ్డు డొరీన్.
ఏడేళ్ళుగా చెత్తబుట్టల రోజున తప్ప కనిపించని
ఎదురింటి ట్రెవర్ మోకాళ్ళ మీద కూర్చుని
"చారో, చారో" అని దాని మెడ నిమిరాడు.
తన పెళ్ళాం పోయిందని
దానితోనే చెప్పాడు, నాతో కాదు.
నేను విన్నాను.
నా పేరు వాళ్ళు ఇంకా అడగలేదు.
చారు వాళ్ళమ్మ అంటారు.
ఇంటిపేరు మారడం నాకిది రెండోసారి,
ఈసారి నచ్చింది.

రాత్రి మూడింటికి
ఎవరో తలుపు బాదుతున్నట్టు
గుండె లేపేది ఇదివరకు.
ఇప్పుడూ మెలకువ వస్తుంది.
మంచం పక్కన, కలలో, కాళ్ళు కొట్టుకుంటూ
చారు నలభై రెండో పందెం పరిగెడుతుంటుంది.
పక్కటెముకల మీద చెయ్యి వేస్తాను.
ఎవరి పరుగు ముందాగుతుందో
తెలిసేలోపు తెల్లారుతుంది.

ఈ జాతి నెత్తురు చిక్కనట, గుండె పెద్దదట,
జబ్బు పడ్డ కుక్కలకు ఇవ్వొచ్చంది పశువుల డాక్టరు.
మెడ దగ్గర కాస్త గొరిగారు.
సూది ఎదుట మొదటిసారి నా చేతులు ఖాళీ.
దాని తల ఒళ్ళో పెట్టుకుని
"చీమ కుట్టినట్టుంటుందమ్మా" అన్నాను, తెలుగులో.
గొంతు నాది కాదేమో అనిపించింది.
అది నమ్మింది.
సంచీ నిండింది.
రేపు ఎక్కడో ఒక పేరు తెలీని తోక ఊగుతుంది.

మొన్న మొయిరా పట్టీ విప్పుతూ
"నూట ముప్పై నాలుగు! ఏం చేశారు?" అంది.
మెట్ల గురించి చెబుదామనుకున్నాను.
"మాత్ర వేసుకుంటున్నా" అన్నాను.
అదీ నిజమే.

బయట కారులో
నా సీట్లో కూర్చుని ఉంది చారు.
"జరుగు" అన్నాను.
జరగలేదు.